వీడియో ఆపితే ఫొటో అయిపోదు

తిరుపతి, చిత్తూరు స్టూడియోలకు తరచూ వచ్చే బేరం ఒకటుంది. ఇంట్లో పెద్దావిడ పోయింది. ఉత్తరక్రియల ఫ్లెక్సీకి, గోడకు తగిలించి దండ వేసే పటానికి మంచి ఫొటో కావాలి. ఉన్నదల్లా ఆధార్ కార్డు మీది ముఖం. అది ఇంట్లో ఎవరికీ నచ్చదు, బతికున్నప్పుడు ఆమెకూ నచ్చలేదు. కానీ ముప్పై ఏళ్ల కిందటి కూతురి పెళ్లి క్యాసెట్ బీరువాలో ఉంది. అందులో ఆమె పందిట్లో కూర్చుని నవ్వుతుంటుంది. ‘దాంట్లోంచి ఒక ఫొటో తీసియ్యన్నా’ అని అడుగుతారు. టీవీలో ముఖం అంత బాగా కనబడుతుంటే ఆపి తీయడానికి ఏముంది అన్నది వాళ్ల లెక్క. తీరా ఆపి తీస్తే కళ్లూ ముక్కూ అలుక్కుపోయి, చీర అంచు రంగు పక్కకు కారి, ఎవరి ముఖమో అన్నట్టు వస్తుంది.

స్టూడియో అతని చేతకానితనం అనేసుకోవడం సులువు. కానీ వీడియోలోని ఫ్రేము ఒంటరిగా చూడ్డానికి తయారైన బొమ్మ కాదు. సెకనుకు పాతిక బొమ్మలు వరసగా పోతుంటాయి. ఒకదానిలో లేని వివరం పక్కదానిలో ఉంటుంది. ఒకదానిలో పడిన గరుకు చుక్క తర్వాతి దానిలో ఉండదు. కన్నూ మెదడూ వాటన్నిటినీ సర్దుకుని ఒక శుభ్రమైన ముఖాన్ని చూపిస్తాయి. ఆపిన మరుక్షణం ఆ పక్క ఫ్రేముల సాయం పోతుంది. వీడియోలోంచి ఫొటో తీయడానికి అందుకే రెండే దారులు. ఆ సాయం లేకుండా నిలబడగల ఫ్రేమును వెతకడం ఒకటి. పోయిన సాయాన్ని మళ్లీ తెచ్చిపెట్టడం ఇంకొకటి.

మొదటి దారిలో పోవాలంటే షట్టరు లెక్క తెలియాలి. సెకనుకు 25 ఫ్రేములు తీసేటప్పుడు ఒక్కో ఫ్రేము మీద సెకనులో 50వ వంతు సేపు వెలుగు పడనివ్వడం వీడియో వాళ్ల పాత అలవాటు. కదలిక అప్పుడే సాఫీగా ఉంటుంది. ఫొటోగ్రాఫరైతే కదిలే మనిషిని అంత నెమ్మది షట్టరుతో తీయడు. 50వ వంతు అంటే ఏపాటిలే అనిపిస్తుంది గానీ, సెకనుకు రెండు మీటర్ల వేగంతో రాలే తలంబ్రాలు ఆ కాస్త సేపట్లో 4 సెంటీమీటర్లు జారతాయి. బియ్యపు గింజ గింజలా కాక తెల్ల గీతలా పడుతుంది. చంద్రగిరి దగ్గర రంగంపేటలో కనుమ పశువుల పండగకు కొమ్ములకు పలకలు కట్టించుకుని ఉరికే ఎద్దు సంగతి ఇంకా దారుణం. సెకనుకు 8 మీటర్ల వేగమనుకుంటే ఒక్క ఫ్రేములోనే 16 సెంటీమీటర్లు జరుగుతుంది. పలక మీది బొమ్మ సంగతి అటుంచి, పలక అంచు ఎక్కడుందో కూడా తెలియదు. అదే 500వ వంతు షట్టరు పెడితే జరుగు ఒకటిన్నర సెంటీమీటరుకు తగ్గుతుంది, ఫొటో దక్కుతుంది. కాకపోతే వీడియో చూడ్డానికి గతుకుల బాట మీద బస్సులా ఉంటుంది. వీడియోకు మంచిది ఫొటోకు చెడ్డది. ఈ తగవు కెమెరా ఎంత ఖరీదైనదైనా తీరదు.

‘4కేలో తీయించేస్తే చాలు, ఫొటోగ్రాఫరు ఎందుకు, తర్వాత కావలసినవి తీసుకోవచ్చు’ అనే మాట ఈ మధ్య పెళ్లిళ్లలో వినబడుతోంది. 4కే ఫ్రేములో 83 లక్షల పిక్సెళ్లు ఉంటాయి, సంఖ్య చాలినంతే. కానీ షట్టరు ఆ 50వ వంతు దగ్గరే ఉంటే, మసకను ఎక్కువ పిక్సెళ్లతో తీసినట్టే అవుతుంది. పైగా మూడు గంటల వీడియో అంటే 2,70,000 ఫ్రేములు. అందులోంచి పెళ్లికూతురు కళ్లు మూయకుండా, పురోహితుడి చెయ్యి అడ్డం రాకుండా ఉన్న ఒక్కదాన్ని ఎవరో కూర్చుని ఏరాలి. ఫొటోగ్రాఫరు ముహూర్తం వేళ చేసే పనినే ఇక్కడ ఎడిటరు నెల తర్వాత చేస్తాడు, అంతే తేడా.

అయితే ఎంత కదిలే మనిషైనా మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగుతాడు. ఎత్తిన చెయ్యి దిగబోయే ముందు, ఒక పక్కకు తిరిగిన తల వెనక్కి మళ్లబోయే ముందు, వేగం సున్నా అయ్యే రెప్పపాటు ఒకటుంటుంది. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర వీడియోల్లో ఇది బాగా తెలుస్తుంది. వేషం కట్టినవాళ్లు చిందేస్తూ వస్తుంటే, ఎగిరినప్పుడు పై అంచున ఒకటి రెండు ఫ్రేములు, కాలు నేలకు ఆనినప్పుడు ఒకటి రెండు ఫ్రేములు గట్టిగా నిలుస్తాయి. మధ్యవన్నీ మసకే. మూడు ముళ్ల సంగతి కూడా అంతే. ముడి బిగించి చేతులు ఒక్క క్షణం అక్కడే ఆగుతాయి చూడండి, ఫొటో అక్కడుంటుంది. వెతికేవాళ్లు మంచి దృశ్యాన్ని కాక కదలిక ఆగిన చోటును వెతికితే పని సగం తగ్గుతుంది.

వెతకడానికి ఫోను కన్నా కంప్యూటరు నయం. ఫోనులో గీతను వేలితో జరిపితే పది ఇరవై ఫ్రేములు ఒకేసారి దాటిపోతాయి. వీఎల్‌సీ ప్లేయరులో ఇంగ్లిష్ ‘ఈ’ (E) అక్షరం మీట నొక్కిన కొద్దీ ఒక్కో ఫ్రేమే ముందుకు కదులుతుంది. కావలసింది దొరికాక షిఫ్ట్ పట్టుకుని ‘ఎస్’ నొక్కితే ఆ ఫ్రేము పూర్తి సైజులో దాఖలవుతుంది. స్క్రీన్‌షాట్ మాత్రం వద్దు. నిలువుగా పట్టుకున్న ఫోనులో అడ్డం వీడియో 1080 పిక్సెళ్ల వెడల్పుకు కుంచించుకుపోతుంది. ఫుల్ హెచ్‌డీ ఫ్రేములోని పిక్సెళ్లలో మూడో వంతు కూడా అందులో మిగలవు.

షట్టరు తర్వాతి చిక్కు కంప్రెషన్, అంటే ఫైలు చిన్నదయ్యేలా వీడియోను కుదించి దాచడం. 2003లో వచ్చిన హెచ్.264 అయినా, 2013లో వచ్చిన హెచ్.265 అయినా, ఈ కుదింపు పద్ధతులు ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచవు. చిల్లర కొట్టు ఖాతా పుస్తకం లాంటి లెక్క అది. నెల మొదట్లో మొత్తం బాకీ రాసి, ఆ తర్వాత ఏ రోజు తెచ్చిన సరుకు ఆ రోజు రాసుకుంటూ పోయినట్టు, ఒక ఫ్రేమును పూర్తిగా రాసి, ఆ తర్వాతి వాటిలో మారినదాన్ని మాత్రమే రాస్తాయి. కొన్ని ఫ్రేములైతే ముందున్నదాన్నీ వెనకున్నదాన్నీ రెండింటినీ చూసి లెక్కగడతాయి. ఇక్కడా పక్క ఫ్రేముల సాయమే. బొమ్మ నెమ్మదిగా మారుతున్నప్పుడు ఈ లెక్క బాగానే నడుస్తుంది. జనం తోసుకుంటున్న రథోత్సవం లాంటి చోట ప్రతి అంగుళమూ మారుతుంటే రాయాల్సింది ఎక్కువ, ఇచ్చిన చోటు తక్కువ. అప్పుడు ముఖాలు చతురస్రపు ముక్కలు ముక్కలుగా విరుగుతాయి. పూర్తిగా రాసిన ఫ్రేమును కీ ఫ్రేము అంటారు. కావలసిన క్షణానికి దగ్గరలో అలాంటిది ఉంటే ముందు దాన్ని చూడ్డం మంచిది. ప్రతిసారీ అదే బాగుంటుందని కాదు గానీ, నాసిరకం వీడియోల్లో తేడా కంటికే తెలుస్తుంది.

వాట్సాప్‌లో వచ్చిన వీడియోలోంచి ఫొటో తీయమనడం చెరకు పిప్పిలోంచి రసం తీయమన్నట్టే. అది పంపేటప్పుడే మళ్లీ ఒకసారి కుదించబడింది. తీసినవాళ్ల ఫోనులోని అసలు ఫైలును డాక్యుమెంట్‌గా పంపించుకోవాలి.

రంగు విషయంలో ఇంకో మెలిక ఉంది. వెలుగు నీడల తేడాను పట్టినంత సూక్ష్మంగా మన కన్ను రంగు తేడాను పట్టలేదు. దాన్ని ఆసరా చేసుకుని మామూలు వీడియోలన్నీ రంగును తక్కువ వివరంతో దాస్తాయి. ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో వెలుగు 1920 బై 1080 ఉంటే, రంగు 960 బై 540 మాత్రమే. అంటే నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు. దీని దెబ్బ ఎక్కువగా ఎరుపు మీద పడుతుంది. ముదురు ఎరుపులో వెలుగు వివరం తక్కువ, ఉన్న వివరమంతా రంగులోనే ఉంటుంది కాబట్టి. నుదుటి కుంకుమ బొట్టు అంచు మెట్లు మెట్లుగా కనబడేది, ఎర్ర పట్టుచీర జరీ అంచు పక్కన పులుముకుపోయేది ఇందుకే. గంగమ్మ జాతరలో ఒంటి నిండా కుంకుమ పూసుకునే బండ వేషాన్ని వీడియోలోంచి తీసి చూడండి. ఒళ్లంతా ఒకే ఎర్ర ముద్దలా ఉంటుంది. తెల్లటి బైరాగి వేషం అదే కెమెరాలో, అదే ఎండలో ఎంతో నయంగా వస్తుంది. ఎరుపు ఎక్కువగా ఉండే మన వేడుకలకు ఈ పద్ధతి అచ్చి రాలేదనే చెప్పాలి.

ఇక ఆ బీరువాలోని క్యాసెట్ దగ్గరికి వద్దాం. అది వీహెచ్ఎస్ రకం టేపు. అందులో వెలుగు వివరం, అడ్డంగా చూస్తే, విడివిడిగా కనబడే ఇంచుమించు 240 నిలువు గీతలకు మించదు. రంగు అయితే 40 గీతల దగ్గరే ఆగిపోతుంది. చీర రంగు పక్కకు కారేది అందుకే. దానికి తోడు, మన దేశంలో వాడిన పాల్ అనే టీవీ పద్ధతిలో ఒక ఫ్రేము ఒకేసారి తీసింది కాదు. 576 అడ్డ గీతల్లో ముందు ఒకటి విడిచి ఒకటిగా 288, సెకనులో 50వ వంతు తర్వాత మిగిలిన 288. వీటిని ఫీల్డులంటారు. ఆ మధ్యలో మనిషి కదిలితే, బేసి గీతల్లో చెయ్యి ఒకచోట, సరి గీతల్లో ఇంకొకచోట ఉంటుంది. ఆపిన బొమ్మలో అంచులన్నీ దువ్వెన పళ్లలా కనబడేది దీనివల్లే. కదిలే చోట ఒక్క ఫీల్డునే తీసుకుని ఖాళీ గీతలను లెక్కగట్టి నింపాలి. వివరం సగానికి పడిపోతుంది, తప్పదు. మనిషి కదలకుండా కూర్చున్న చోట మాత్రం రెండు ఫీల్డులూ అతికినట్టు సరిపోతాయి. పందిట్లో నవ్వుతూ తిరిగే క్షణం కన్నా, మంత్రాలు వింటూ కాసేపు స్థిరంగా కూర్చున్న క్షణమే ఫొటోకు పనికొస్తుందని ఇంటివాళ్లకు నచ్చజెప్పడం స్టూడియో అతనికి పెద్ద టెన్షన్. వాళ్లకు ఆ నవ్వే కావాలి.

స్థిరంగా కూర్చున్న క్షణానికి ఇంకో విలువ ఉంది. రెండో దారి తెరుచుకునేది అక్కడే. కెమెరా స్టాండు మీద ఉండి, ఆమె అర సెకను పైగా కదలకుండా ఉంటే, దాదాపు ఒకేలాంటి ఫ్రేములు 16 దొరుకుతాయి. వాటిని ఒకదానిమీద ఒకటి సరిగ్గా పేర్చి సగటు తీస్తే, ముఖం అన్నిటిలోనూ ఒకేచోట ఉంది కాబట్టి నిలుస్తుంది. గరుకు చుక్కలు ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట ఉన్నాయి కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 4 ఫ్రేములకు గరుకు సగమవుతుంది, 16 ఫ్రేములకు నాలుగో వంతుకు దిగుతుంది. టీవీ చూస్తున్నప్పుడు కన్ను చేసిన పనినే ఇక్కడ కంప్యూటరు చేస్తోంది. ఫొటోషాప్‌లో పొరలుగా పేర్చి చేసే ఈ పని కొత్తదేమీ కాదు, ఖగోళ ఫొటోలు తీసేవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నదే. మన స్టూడియోల్లో ఇది అరుదు. అర గంట పడుతుంది, బేరం చూస్తే యాభైకో వందకో ఉంటుంది.

ముఖం ఆకారం గురించి ఒక చిన్న జాగ్రత్త. క్యాసెట్‌ను కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు ఫ్రేము 720 బై 576 ఉంటుంది. దాన్ని 768 బై 576కు సాగదీసి చూడాలి. అది మరిచి అలాగే ప్రింటు వేస్తే ముఖం ఆరు శాతం సన్నబడుతుంది. ‘అమ్మ ఇంత బక్కగా లేదే’ అని ఇంట్లోవాళ్లు అంటారు, ఎందుకో ఎవరికీ అంతు పట్టదు.

ఎంత సైజు ప్రింటు వేయొచ్చు? దగ్గరగా పట్టుకుని చూసే ఫొటోకు అంగుళానికి 300 చుక్కలు ఉండాలన్న లెక్కన, ఫుల్ హెచ్‌డీ ఫ్రేము 6.4 బై 3.6 అంగుళాలకు సరిపోతుంది. 4కే అయితే దానికి రెట్టింపు. 12 బై 36 పెళ్లి ఆల్బమ్ షీటు నిండా పరవడానికి అదీ చాలదు. క్యాసెట్ ఫ్రేము మొత్తం కలిపి రెండు అంగుళాల ఎత్తుకు కూడా రాదు, అందులో ఆమె ముఖం ఎంత ఉంటుంది? కానీ పది అడుగుల దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి అంగుళానికి 30 చుక్కలున్నా కన్ను తప్పు పట్టదు. అదే ఫొటో వీధి మలుపులో ఫ్లెక్సీ మీద నిండుగా కనబడి, పటం కట్టించి హాల్లో పెడితే వెలవెలబోవడంలో వింత లేదు. పటానికైతే రంగు తీసేసి నలుపు తెలుపులో వేయడం మేలు. టేపులో అన్నిటికంటే పాడైంది రంగే కాబట్టి, దాన్ని వదులుకుంటే ఉన్న వివరం తేటగా కనబడుతుంది. ఈ సలహాను చాలామంది ఒప్పుకోరు. ‘పాతకాలం ఫొటోలా ఉంటుందన్నా’ అంటారు. పాతకాలం ఫొటోయే మరి.

ఇప్పుడు అందరూ పోతున్న అడ్డదారి ఏఐ. మసక ముఖాన్ని ఇస్తే క్షణంలో కనురెప్పల వెంట్రుకలతో సహా తేటగా చేసిచ్చే ఆప్‌లు ఫోనుల్లోనే ఉన్నాయి. అవి దాగి ఉన్న వివరాన్ని బయటికి తీయడం లేదు. లక్షల ముఖాలు చూసి నేర్చుకున్న ఊహతో, ఇక్కడ కన్ను ఇలా ఉండొచ్చు, పళ్లు ఇలా ఉండొచ్చు అని కొత్తగా గీస్తున్నాయి. పక్క ఫ్రేముల సాయం తీసుకోవడానికీ, పరాయి ముఖాల సాయం తీసుకోవడానికీ చాలా దూరం. మొదటిదానిలో వచ్చే ప్రతి చుక్కా ఆ పెళ్లి రోజు ఆ మనిషి మీద పడిన వెలుగే. రెండోదానిలో ముక్కుపుడక మాయమైపోవచ్చు, బుగ్గ మీది పుట్టుమచ్చను మచ్చ అనుకుని తుడిచేయొచ్చు, ఊడిన పన్ను మళ్లీ మొలవొచ్చు. గోడమీది పటం వరకు ఇంటివాళ్ల ఇష్టం. కాకపోతే అసలు ఫ్రేమునూ దిద్దినదాన్నీ పక్కపక్కన పెట్టి చూపించాకే ప్రింటుకు పంపడం న్యాయం. మనవళ్లకు రేపు ఆ పటమే అవ్వ ముఖం.

సీసీ కెమెరా ఫుటేజీకి వస్తే ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు. షాపు ముందు బైకు పోయింది, నంబరు కావాలి అంటారు. బైకు నంబరు ప్లేటు 200 మిల్లీమీటర్ల వెడల్పు. ఫుల్ హెచ్‌డీ కెమెరా పది మీటర్ల వీధిని చూస్తుంటే ఆ ప్లేటుకు దక్కేది 38 పిక్సెళ్లు. వరసకు నాలుగైదు అక్షరాలనుకుంటే ఒక్కోదానికి ఏడెనిమిది పిక్సెళ్లు. కంప్రెషనూ రాత్రి చీకటీ హెడ్‌లైటూ కలిశాక 3కీ 8కీ తేడా ఉండదు. ఏపీ 03 అని చిత్తూరు జిల్లా పాత నంబరు మనకు అలవాటైంది కాబట్టి 03 అనే చదువుకుంటాం. అలవాటు కొద్దీ చదవడమూ ఏఐ చేసే పనిలాంటిదే. ఇలాంటి ఫ్రేమును ఏఐకి ఇస్తే అది అనుమానం లేని ఒక అంకెను గీసిస్తుంది, ఇంకెవరి బైకో ఇరుక్కుంటుంది. ఒక్క ఫ్రేమును నమ్మకుండా, బైకు దగ్గరికొచ్చిన కొద్దీ వరసగా ఉన్న అన్ని ఫ్రేములనూ చూడడమే సరైన పద్ధతి. ఒకదానిలో మొదటి రెండు అంకెలు, ఇంకోదానిలో చివరివి తేటపడతాయి.

అన్నిటికంటే ముందు ఫుటేజీ ఎక్కణ్ణుంచి తీశారో చూడాలి. ఫోను ఆప్‌లో కనబడే సీసీ వీడియో చాలాసార్లు డేటా మిగల్చడానికి పంపే చిన్న సైజు నకలు. అసలు రికార్డింగు డీవీఆర్ డిస్కులో, అంటే కెమెరాలకు తగిలించిన రికార్డరు పెట్టెలో ఉంటుంది. అది నిండగానే పాతవి చెరిపేస్తుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు. డీవీఆర్ గడియారం అసలు సమయానికి ఎన్ని నిమిషాలు తేడాగా ఉందో అక్కడికక్కడే రాసుకోవాలి. కోర్టు దాకా పోయే పనైతే ప్రింటు వేసిన ఫ్రేము ఒక్కటీ చాలదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ నకలుతో పాటు ధ్రువపత్రం ఉండాలి, అందులో ఫైలు హాష్ విలువ, అంటే ఫైలు మొత్తం నుంచి లెక్కగట్టిన వేలిముద్రలాంటి అంకెల వరస కూడా రాయాలి. పాత సాక్ష్య చట్టంలో 65బి సెక్షను ఇదే పని చేసేది. ఫైలులో ఒక్క పిక్సెలు మారినా హాష్ మారిపోతుంది. దిద్దుబాటు ఏదైనా నకలు మీదే చేయాలి, అసలును ముట్టుకోకూడదు.

ఫొటోలు కావాలని ముందే తెలిసి తీసే వీడియోకు షట్టరు వేగం పెంచుకోవచ్చు అన్నాం గానీ, మన ఉత్సవాల్లో దానికి ఒక అడ్డు ఉంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృతాలు. ట్యూబులైట్లు, చాలా ఎల్ఈడీలు దాన్నిబట్టి సెకనుకు 100 సార్లు వెలుగు తగ్గి పెరుగుతుంటాయి. షట్టరు 50వ వంతో 100వ వంతో ఉంటే ఒక్కో ఫ్రేముకూ సమానంగా వెలుగు పడుతుంది. 500వ వంతుకు పోతే ఒక ఫ్రేము వెలుగులో, ఒకటి చీకట్లో, ఒకటి అడ్డ చారలతో వస్తాయి. బ్రహ్మోత్సవాలప్పుడు కట్టే దేవుళ్ల విద్యుద్దీపాల కటౌట్లు ఇంకో రకం. వాటి బల్బులు వంతులవారీగా వెలిగి ఆరుతుంటాయి. వీడియోలో గరుత్మంతుడు రెక్కలాడిస్తున్నట్టే ఉంటాడు, ఆపితే ఒక రెక్క ఉండదు. అలాంటి చోట రెండు మూడు ఫ్రేములను కలిపి, ప్రతిచోటా ఎక్కువ వెలుగున్నదాన్ని ఎంచుకునే పద్ధతి వాడితే రెక్కలన్నీ వచ్చేస్తాయి.

తీసిన ఫ్రేమును పీఎన్‌జీ రకంలో దాయడం మంచిది. జేపీజీ అయితే అప్పటికే కుదించినదాన్ని మళ్లీ కుదిస్తుంది. ఫైలు పేరులోనే నిమిషం, సెకను, ఫ్రేము సంఖ్య రాసుకుంటే, రేపు పక్క ఫ్రేములు కావలసి వచ్చినప్పుడు మళ్లీ మొత్తం వెతకక్కర్లేదు.

క్యాసెట్ల విషయంలో ఆ రేపు ఎక్కువ కాలం ఉండకపోవచ్చు. వీహెచ్ఎస్ ప్లేయర్లు తయారుచేస్తూ వచ్చిన చివరి కంపెనీ, జపానుకు చెందిన ఫునాయ్, 2016 జులైలో ఆపేసింది. ఇప్పుడు నడుస్తున్నవన్నీ పాత మెషిన్లే, వాటిలో టేపును చదివే హెడ్డు అరిగితే మార్చడానికి సామాను దొరకడం కష్టం. టేపు తిప్పిన ప్రతిసారీ కొంత అరుగుతుంది, బూజు పట్టినదైతే మధ్యలో తెగనూ వచ్చు. టీవీలో ఆడిస్తూ ఫోనుతో షూట్ చేసుకుని అందులోంచి ఫొటో తీయించుకున్నవాళ్లు ఆ ఒక్క తిప్పుడునూ వృథా చేసుకున్నట్టే. నవ్వుతున్న నిమిషం దగ్గర ఆపి ఒక్క ఫ్రేము పట్టుకుని క్యాసెట్ తిరిగిచ్చేసే స్టూడియోలు ఉన్నాయి. బాగా తెలిసినవాళ్లు అలా చేయరు. రెండు ఫీల్డులూ చెడకుండా, వీలైనంత తక్కువ కంప్రెషన్‌తో మొత్తం టేపును ముందు కంప్యూటరులోకి ఎక్కిస్తారు, ఆ తర్వాతే వెతుకుతారు. క్యాసెట్ తిరిగే వేగాన్ని ఎవరూ పెంచలేరు. ఇంటివాళ్లు అడిగేది ఒక్క ఫొటోనే అయినా, ఆ మూడు గంటల పెళ్లీ మూడు గంటలు నడవాల్సిందే.